మలుపు దగ్గర నిలబడి చూడాలి

చెన్నై నుంచి బెంగళూరు హైవే ఎక్కి పూనమల్లి, తిరుమళిశై దాటాక ఎడమ చేతివైపు చెంబరంబాక్కం చెరువు వస్తుంది. అదీ దాటి ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇరుంగాట్టుకోట్టై. నగరం నడిబొడ్డు నుంచి 40 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ బస్సు దిగేవాళ్లలో ఎక్కువమంది హ్యుందాయ్ ఫ్యాక్టరీకో, పారిశ్రామికవాడలోని మరో కంపెనీకో డ్యూటీకి వెళ్లేవాళ్లే. రామానుజులు పుట్టిన శ్రీపెరుంబుదూరుకు వెళ్లే యాత్రికుల బస్సులు కూడా ఈ దారినే పోతాయి. ఆ ఫ్యాక్టరీలకు దగ్గర్లోనే 3.717 కిలోమీటర్ల పొడవు, 12 మలుపులు ఉన్న తారు రోడ్డు ఒకటి ఉంది. ఏ ఊరికీ పోని రోడ్డు అది; బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. ఇప్పుడు దాని పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. పాతవాళ్ల నోట ఇంకా మద్రాస్ మోటార్ రేస్ ట్రాకే. జాతీయ చాంపియన్‌షిప్ రౌండ్లు జరిగే శని, ఆదివారాల్లో ఇక్కడికి మనవాళ్లు కూడా వెళ్తుంటారు. తిరుపతి, నెల్లూరు వాళ్లకు పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగినంత దూరమే. అలా వెళ్లినవాళ్లు ఏం చూడాలన్నది ఇక్కడ నా ప్రశ్న. వేగం చూడ్డానికే వెళ్తామని ఎవరైనా అంటారు. కానీ ఔత్సాహికుల కార్ల రేసులో కంటికి అన్నిటికంటే తక్కువ ఆనేది వేగమేనని నా వాదన. అక్కడ చూడాల్సింది అదుపు. అది ఎవరెవరి చేతుల్లో, ఎంత కష్టం మీద తయారవుతుందో దగ్గర నిలబడి చూడనిచ్చేది ఇలాంటి క్లబ్ ట్రాకే.

నెల్లూరు వైపు నుంచి కారులో వచ్చేవాళ్లు రెడ్‌హిల్స్‌కు కాస్త ముందు షోలవరం మీదుగా వస్తారు. మద్రాసు రేసుల కథ మొదలైన చోటు అదే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే ట్రాకుగా వాడుకుంది. ‘టీ’ ఆకారంలో ఉన్న ఆ రన్‌వేల మీద దశాబ్దాల పాటు కార్లు, మోటార్‌సైకిళ్లు పరుగెత్తాయి. మద్రాసు నుంచి వేల మంది చూడ్డానికి వెళ్లేవారు. అయితే రన్‌వే విమానాల కోసం వేసింది. తిన్నగా పోవడానికే తప్ప తిరగడానికి పనికొచ్చేది కాదు. పైగా అది క్లబ్ సొంతం కూడా కాదు. ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్ తన సొంత ట్రాక్ తయారు చేసుకుని 1990లో ప్రారంభించింది. ఈ సంగతి ఎందుకంటే, 1953 నుంచి ఇప్పటిదాకా ఈ ఆటను బతికించినవాళ్లు సభ్యత్వ రుసుం కట్టి, సెలవు రోజుల్లో ఎండలో నిలబడి, జెండాలు పట్టి, కాగితాలు రాసిన మనుషులు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ మొదట పోటీకి దిగింది ఇక్కడే. ఆయన తర్వాత 2010లో ఫార్ములా వన్‌కు చేరిన కరుణ్ చందోక్‌ది ఈ క్లబ్‌ను నిలబెట్టిన కుటుంబాల్లో ఒకటి. ఆయన తాత ఇందు చందోక్ క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. ట్రాక్ పక్కనున్న షెడ్లు చూస్తే మాత్రం ఇంత చరిత్ర ఉన్నట్టు అనిపించదు. మనకు టీవీలో అలవాటైన గాజు అద్దాల హంగు ఇక్కడ వెతక్కూడదు.

ముందుగా వెళ్లాల్సిన చోటు ప్యాడక్. కార్లను సిద్ధం చేసే ఆవరణ అది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో బండలాగుడు పోటీలకు వెళ్లే పెద్ద రైతు పందెం మొదలయ్యేదాకా గ్యాలరీలో కూర్చోడు. ఎడ్లను కట్టేసిన చోటికి వెళ్లి గిట్టలు చూస్తాడు, మూపురం చూస్తాడు, తోలేవాడు వాటితో ఎలా మెలుగుతున్నాడో చూస్తాడు. ప్యాడక్‌లో తిరగడమంటే అలాంటిదే. పోటీదారుల్లో చాలామందికి రేసింగ్ బతుకుతెరువు కాదు. వ్యాపారాలు చేసుకునేవాళ్లు, ఇంజినీర్లు, కాలేజీ పిల్లలు, వర్క్‌షాపుల యజమానులు. వీళ్లకు ఎవరూ జీతమివ్వరు. ఎదురు డబ్బు కట్టి నడుపుతారు. వాళ్ల కార్ల దగ్గరికి వెళ్లి పరికించి చూడండి. మన వీధుల్లో తిరిగే హోండా సిటీ, పోలో, ఎస్టీమ్ కార్లే. కాకపోతే లోపల సీట్లు పీకేశారు, ఏసీ తీసేశారు, తలుపు అట్టలు, కార్పెట్లు ఏవీ లేవు. వాటి బదులు ఇనుప గొట్టాలతో అల్లిన పంజరం ఉంది. ఒంటి సీటు, భుజాల మీంచీ నడుం మీంచీ తొడల మధ్య నుంచీ వచ్చి ఒక్క చోట బిగుసుకునే బెల్టులు. హెడ్‌లైట్ల మీద టేపు అంటించి ఉంటుంది, పగిలితే గాజు పెంకులు ట్రాక్ మీద పడకుండా. ప్రాక్టీసు ముగించి వచ్చిన కారు టైరును దగ్గరగా చూస్తే రబ్బరు పైపొర కరిగి, ముద్దలు కట్టి, ట్రాక్ మీది నలుసులను అంటించుకుని ఉంటుంది. మెకానిక్ వెంటనే మోకాళ్ల మీద కూర్చుని గాలి ఒత్తిడి చూస్తాడు. చల్లారాక చూస్తే లాభం లేదు. టైరు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, రేసులో నడిచేది ఆ వేడి టైరు మీదే. ఆ అంకె రాసుకుని, కొంచెం గాలి వదిలి, పానాలు తీసుకుని కారు కిందికి దూరతాడు. ఈ పని చూడ్డానికి ప్రత్యేక పాసులు ఉండాల్సిన పెద్ద రేసుల్లో సామాన్య ప్రేక్షకుడికి ఇంత దగ్గరి చూపు దొరకదు.

ప్యాడక్‌లోనే జరిగే మరో పని తనిఖీ. దీన్ని స్క్రూటినీరింగ్ అంటారు. పోటీ కంటే ఇదే నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. వరుసలో నిలబెట్టిన ఒక్కో కారు దగ్గరికీ అధికారి వచ్చి బెల్టు పట్టుకుని గట్టిగా గుంజుతాడు. అగ్నిమాపక సిలిండర్ మీది తేదీ చూస్తాడు. బ్యాటరీ కదలకుండా బిగించారో లేదో చేత్తో ఊపి చూస్తాడు. బయటి నుంచి ఇంజిన్ ఆపే స్విచ్చు ఎక్కడుంది, లాగడానికి కొక్కెం ఎక్కడుంది, వాటి మీద బాణం గుర్తు అంటించారా అని అడుగుతాడు. హెల్మెట్ మీద ప్రమాణం తెలిపే స్టిక్కర్, మెడను కాపాడే హ్యాన్స్ పరికరం, మంటకు తట్టుకునే ఓవరాల్స్, చేతి తొడుగులు, అన్నీ బల్ల మీద పెట్టి చూపించాలి. ఏదో ఒకటి తగ్గితే కారు వెనక్కి పోవాల్సిందే. ఎంత పేరున్న డ్రైవరైనా అంతే. మన రోడ్ల మీద ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కాగితంగానే మిగిలిపోయిన బండ్లను రోజూ చూసేవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఉంటుంది. ఒక బండిని నడపనివ్వాలా వద్దా అన్నది బండిని చూసి తేల్చుతున్నారు. రేసు అనే మాట వినగానే మనకు గుర్తొచ్చే తెగింపు ఇక్కడ ఎక్కడా కనిపించదు.

ఇక ట్రాక్ దగ్గరికి. కొత్తగా వచ్చినవాళ్లు నేరుగా మెయిన్ స్ట్రెయిట్ ఎదురుగా పోయి కూర్చుంటారు. రేసు మొదలయ్యేదీ ముగిసేదీ అక్కడే కాబట్టి అది సహజమే. కానీ అక్కడ చూడ్డానికి తక్కువ. తిన్నటి దారిలో కాలు పూర్తిగా తొక్కి పట్టడం ఎవరికైనా చేతనవుతుంది. చప్పుడు వస్తుంది, రంగు కదులుతుంది, పోతుంది. రెండు కార్లలో ఏది మెరుగ్గా నడుస్తోందో అక్కడ కన్ను చెప్పలేదు. ఆ స్ట్రెయిట్ చివర, మొదటి మలుపు దగ్గరికి వెళ్లి నిలబడితే కథ మారిపోతుంది. మలుపులను ఇక్కడ సీ1, సీ2 అని అంకెలతో పిలుస్తారు. వేగం రెట్టింపైతే కారులోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆగే కారు 160 దగ్గర నాలుగింతల భారాన్ని బ్రేకుల మీద మోపుతుంది. ఆ భారాన్ని ఎక్కడ దింపుకోవడం మొదలుపెట్టాలన్నదే డ్రైవర్ తేల్చుకోవాల్సింది. ఐదు మీటర్లు ముందుగా బ్రేకు వేస్తే వెనకవాడు పక్కకొచ్చేస్తాడు. ఐదు మీటర్లు ఆలస్యమైతే మలుపు చేతికి దక్కదు. టైరుకున్న పట్టు కూడా ఒక హద్దు వరకే. దాన్ని ఆపడానికైనా వాడుకోవాలి, తిప్పడానికైనా వాడుకోవాలి. రెండింటికీ ఒకేసారి పూర్తిగా కావాలంటే కారు మాట వినదు. అందుకే తెలిసిన డ్రైవర్ తిన్నగా ఉండగానే గట్టిగా బ్రేకు వేసి, తిప్పడం మొదలుపెట్టేకొద్దీ కాలును మెల్లగా వదులుతాడు. బయటి అంచు నుంచి లోపలి అంచుకు, అక్కణ్నుంచి మళ్లీ బయటి అంచుకు, వీలైనంత పెద్ద వంపు గీసుకుంటూ పోతాడు. ముందు చక్రాలే లాగే పోలో లాంటి కారు గట్టి మలుపులో లోపలి వైపున్న వెనక చక్రాన్ని నేల మీంచి బెత్తెడు పైకి లేపుతుంది. మూడు చక్రాల మీద తిరిగి, దారి తిన్నబడగానే నాలుగోది దింపుతుంది. అరక్షణం కనిపించే ఆ దృశ్యం ల్యాపు ల్యాపుకూ అదే చోట, అదే ఎత్తులో జరుగుతుంటే ఆ స్టీరింగ్ పట్టినవాడికి పని తెలుసన్నమాట. ఒకసారి లేచి, మరోసారి లేవక, ఇంకోసారి కారు పక్కకు జారుతుంటే తెలియదన్నమాట. గడియారం చూడనక్కర్లేకుండా ప్రేక్షకుడే ఈ తీర్పు చెప్పుకోగలడు. సుమారు రెండు నిమిషాలకోసారి అవే కార్లు మళ్లీ వస్తాయి కాబట్టి, రేసు ముగిసేలోగా ఆ కన్ను ఎవరికైనా వస్తుంది.

మొదటి స్థానంలో పోతున్న కారునే చూస్తూ ఉండడం కూడా నష్టమే. ముందున్నవాడు చాలాసార్లు ఒంటరిగా పోతుంటాడు. ఆట ఐదో స్థానం నుంచి పదో స్థానం దాకా ఉన్న గుంపులో ఉంటుంది. అందులోనూ ఫార్ములా ఎల్‌జీబీ 1300 రేసులు వదలకూడనివి. గొలుసుల తయారీలో పేరున్న కోయంబత్తూరు కంపెనీ ఎల్.జి. బాలకృష్ణన్ అండ్ బ్రదర్స్ పేరుతో వచ్చిన తరగతి ఇది. ఒంటి సీటు, బయటికి కనిపించే చక్రాలు, మారుతి 1300 సీసీ ఇంజిన్. అన్ని కార్లూ దాదాపు ఒకటే కాబట్టి ఇంజిన్ బలంతో ఎవరూ తప్పించుకుపోలేరు. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే దాని వెనకే నక్కిన కారుకు గాలి ఒత్తిడి తగ్గి కొద్దిగా అదనపు వేగం వస్తుంది. స్ట్రెయిట్ చివర్లో పక్కకు తప్పుకుని దాటేస్తుంది. తర్వాతి ల్యాపులో అదే పని ఎదుటివాడు చేస్తాడు. చౌకగా, సమానంగా ఉండే కారు చేసి యువకులకు ఇవ్వాలన్న ఈ ఆలోచనకు దేశంలో ఆద్యుడు ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒకటైన లక్ష్మీ మిల్స్ వారి ఇంటి మనిషి. 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు కారును తయారు చేశాడు. విదేశీ రేసు కారు కొనడం మనవాళ్లకు అసాధ్యమైన రోజులవి. స్పేర్ పార్టులు ఏ ఊళ్లోనైనా దొరికే కారు ఇంజిన్‌ను తీసుకుని కొత్త తరానికి బడి పెట్టాడాయన. నరైన్ కార్తికేయన్ అక్షరాభ్యాసం ఆ కారులోనే. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో వచ్చిన కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. కోయంబత్తూరు జి.డి. నాయుడు చేసిన యంత్రాల గురించి తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు గానీ, అదే ఊరి నుంచి, అదే పట్టుదలతో వచ్చిన కరివర్ధన్ పేరు మన పత్రికల్లో కనిపించడమే అరుదు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం.

మలుపు దగ్గర నిలబడ్డప్పుడు కారుతో పాటు చూడాల్సింది జెండా పట్టిన మనిషిని. ప్రతి మలుపు దగ్గరా మార్షల్స్ ఉంటారు. చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు, వారంలో మిగతా రోజులు వేరే ఉద్యోగాలో చదువులో ఉన్నవాళ్లు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించు, ఎవర్నీ దాటొద్దని. పసుపు మీద ఎర్ర చారలుంటే దారి జారుతోందని. నీలం చూపిస్తే వెనక నీకంటే వేగంగా వచ్చే కారుంది, దారివ్వమని. నల్ల జెండా మధ్య నారింజ రంగు బిళ్ల ఉండి, పక్కన కారు నంబరు చూపిస్తే నీ బండిలో లోపముంది, లోపలికి రమ్మని. ఎరుపు వస్తే రేసు ఆగిపోయినట్టే. ఒక కారు మలుపులో తిరగబడి అడ్డంగా ఆగిందనుకోండి. పసుపు జెండా లేచిన మరుక్షణం, అప్పటిదాకా అంగుళం కోసం కొట్టుకున్న ఇరవై మంది కాలు పైకెత్తుతారు. దాటగలిగే సందు కళ్లెదుటే ఉన్నా ఎవరూ దాటరు. దాటితే శిక్ష తప్పదన్నది ఒక కారణం. పడిపోయిన కారు దగ్గరికి పరుగెత్తే మార్షల్ ఒంటి మీద చొక్కా తప్ప రక్షణ ఏమీ లేదన్న సంగతి వాళ్లందరికీ తెలుసన్నది ఇంకో కారణం. అంబులెన్సుకు కూడా దారివ్వని ట్రాఫిక్‌లోంచి వచ్చిన ప్రేక్షకుడికి ఈ ఒక్క దృశ్యం చాలు, అంత దూరం ప్రయాణం చేసి వచ్చినందుకు.

ఇంత మెచ్చుకుంటున్నప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న ప్రాణాల గురించి. దాన్ని తేలిగ్గా తోసేయడానికి వీల్లేదు. 2023 జనవరి 8న ఇదే ట్రాక్ మీద జాతీయ చాంపియన్‌షిప్ సెలూన్ కార్ల రేసులో కె.ఇ. కుమార్ ప్రాణాలు కోల్పోయారు. వయసు 59, ఎన్నో ఏళ్ల అనుభవమున్న డ్రైవర్, క్లబ్ సభ్యుడు. ఆయన కారు మరో కారుకు తగిలి, ట్రాక్ దాటిపోయి, కంచెను ఢీకొని తిరగబడింది. అదే ఏడాది ఆగస్టులో ఇక్కడే మోటార్‌సైకిల్ రేసులో 13 ఏళ్ల పిల్లవాడు చనిపోయాడు. తనిఖీలు, జెండాలు, బెల్టులు అన్నీ ఉన్న చోట కూడా మరణం వచ్చిందంటే నేను చెబుతున్న అదుపుకు హద్దులున్నాయని ఒప్పుకోవాలి. ఈ రెండు మరణాలను నేను ఒకే గాటన కట్టను. ప్రమాదం ఎంతో ఎరిగి, దశాబ్దాలు నడిపి, ఇష్టపడి కారెక్కిన పెద్దమనిషి నిర్ణయాన్ని గౌరవించాలి. కొండలెక్కేవాళ్ల విషయంలో, సముద్రం ఈదేవాళ్ల విషయంలో మనం చేసేది అదే. పిల్లల సంగతి వేరు. పదమూడేళ్లవాడు ఒప్పుకున్నాడంటే దానికి అర్థం లేదు, వాడి తరఫున ఒప్పుకున్నది పెద్దలు. పిల్లలను శక్తిమంతమైన బండ్లెక్కించడం మీద అభ్యంతరం చెప్పేవాళ్లదే ఇక్కడ న్యాయమని నా నిశ్చితాభిప్రాయం. వయసు, బండి సామర్థ్యం, ఒక రేసులో ఎంతమంది ఉండాలన్న లెక్కలు ఇంకా కఠినం కావాలి. ఆట బాగుండాలని కోరుకునేవాళ్లే ఈ మాట ముందుగా అనాలి.

రెండో అభ్యంతరం రోడ్ల నుంచి వస్తుంది. రేసులు చూసి వచ్చిన కుర్రాళ్లు ఆ ఊపులో ఔటర్ రింగ్ రోడ్డు మీద తొక్కరా అని. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 70 శాతానికి పైగా మరణాలకు కారణంగా రాసింది మితిమీరిన వేగమే. హైదరాబాద్‌లో గండిపేట వైపు, రాయదుర్గం ఐటీ దారుల్లో రాత్రిపూట బైకు రేసులు పోలీసులకు కొత్త కాదు. ట్రాక్ కడితే ఈ చావులు తగ్గుతాయని చెప్పడానికి నేను సాహసించను. అంత పెద్ద మాటకు అంత గట్టి ఆధారం కావాలి. నేను చెప్పగలిగింది ఇంతవరకే: రోడ్డు మీద తొక్కేవాడు నేర్చుకున్న వేగం సినిమా నుంచో, ఫోన్‌లో చూసిన వీడియో నుంచో వచ్చింది. అక్కడ బెల్టు గుంజి చూసే అధికారి లేడు, ఎదురుగా ఆటో వస్తుందేమోనన్న ఆలోచన లేదు, కింద పడ్డాక ఏమవుతుందో చూపించే దృశ్యం లేదు. ఇరుంగాట్టుకోట్టైలో ఒక రోజు గడిపినవాడు ఇవన్నీ చూస్తాడు. ట్రాక్ మీద బండ్లన్నీ ఒకే దిక్కుకు పోతాయని, మలుపు బయట కారు జారిపోవడానికి ఖాళీ జాగా వదిలారని, అంబులెన్స్ ఇంజిన్ ఆన్ చేసుకుని సిద్ధంగా ఉందని, ఇన్ని ఉన్నా డ్రైవర్ హెల్మెట్ పట్టీ రెండుసార్లు సరిచూసుకున్నాడని కళ్లారా చూస్తాడు. ఇవేవీ లేని చోట అదే వేగం పనికిరాదని ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు.

డబ్బున్నవాళ్ల ఆట అన్న మాట నిజమే. టైర్లు, రక్షణ దుస్తులు, ఎంట్రీ ఫీజు, కారు అద్దె, మెకానిక్‌ల ఖర్చు కలిపితే మధ్యతరగతి ఇంటి పిల్లవాడికి అందేది కాదు. హైదరాబాద్ నుంచి వచ్చి జాతీయ టైటిల్ గెలిచిన అనిందిత్ రెడ్డి లాంటివాళ్లు సంపన్న కుటుంబాల నుంచే వచ్చారు. టైర్ల కంపెనీలు ముందుకొచ్చి ఒకే రకం కార్లతో రేసులు పెట్టడం వల్ల ఖర్చు కొంత దిగింది గానీ, డబ్బు లేని ప్రతిభకు ఈ తలుపు ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది. ఇందులో నేను సమర్థించేదేమీ లేదు. కాకపోతే స్టీరింగ్ పట్టినవాడొక్కడినే చూసి ఈ ఆటను కొలవడం సరికాదు. కోయంబత్తూరు, చెన్నై షెడ్లలో ఇంజిన్లు విప్పి కట్టే మెకానిక్‌లకు ఇది అన్నం పెడుతోంది, పేరు తెస్తోంది. మంచి గేర్‌బాక్సు మేస్త్రీ ఎవరో ప్యాడక్ అంతటికీ తెలుసు. ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లకు పుస్తకంలో సమీకరణంగా చదివిన సస్పెన్షన్ ఇక్కడ చేతికి గ్రీజు అంటించుకుని అర్థమవుతుంది. ఇక పెట్రోలు దండగన్న వాదన లెక్కకు నిలవదు. పది ల్యాపుల రేసంటే 37 కిలోమీటర్లు. ఇరవై కార్లు, లీటరుకు 5 కిలోమీటర్లే ఇచ్చాయనుకున్నా మొత్తం 150 లీటర్లు. ఆ రేసు చూడ్డానికి వచ్చిన బండ్లు అంతకంటే ఎక్కువే తాగి ఉంటాయి.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఇంత దూరం వెళ్లి షెడ్ల మధ్య తిరగడమెందుకు, ప్రపంచస్థాయి రేసునే మన ఊరికి తెచ్చుకుంటే పోలా అని. హైదరాబాద్ ఆ ప్రయత్నం చేసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద దేశంలోనే తొలి ఫార్ములా-ఈ రేసు జరిగింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఎన్టీఆర్ మార్గ్ మీద విద్యుత్ కార్లు పరుగెత్తుతుంటే నగరం ఉప్పొంగిన మాట నిజం. ట్రాఫిక్ మళ్లింపులతో జనం విసిగిన మాటా నిజం. 2024 ఫిబ్రవరికి అనుకున్న రెండో రేసు ప్రభుత్వం మారాక రద్దయింది. అంతకుముందు గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ కట్టి 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ నడిపారు. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. నాలుగో ఏడు రాలేదు. పన్నుల గొడవలు, ఖర్చులు, లైసెన్సు ఫీజులు, కారణాలు చాలానే చెప్పుకున్నారు. పెద్ద రేసు పిల్లల్లో ఆసక్తి రేపుతుందని అనేవాళ్ల మాట నేను కాదనను. ఆసక్తి రేగాక ఆ పిల్లవాడు మర్నాడు ఎక్కడికి వెళ్లాలన్నదే నా ప్రశ్న. ట్యాంక్‌బండ్ పక్కన కాంక్రీటు గోడలు తీసేశాక అక్కడ మళ్లీ సిటీ బస్సులే. జెండా పట్టడం నేర్పే క్లబ్ లేదు, శనివారం వెళ్లి చూడ్డానికి ప్యాడక్ లేదు. చెన్నైలో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి వెలుతురులో వీధి రేసు జరిపారు. ఆ గోడలు తీసేసినా చెన్నై కుర్రవాడికి 40 కిలోమీటర్ల దూరంలో ట్రాక్ ఉంది, ఏడు దశాబ్దాల క్లబ్ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వమైనా ఈ ఆటకు డబ్బు పెట్టదలిస్తే ఒక్క రోజు పండగ మీద పెట్టేదాంట్లో చిన్న భాగం క్లబ్బుకు, మార్షల్స్ శిక్షణకు, ఊరి బయట ఒక చిన్న శాశ్వత ట్రాకుకు పెట్టమని అడుగుతాను.

ప్రేక్షకుడి వైపు నుంచి ఇరుంగాట్టుకోట్టైకి చెప్పాల్సిన మాటలు కూడా ఉన్నాయి. ఈ ట్రాక్ పోటీదారుల కోసం కట్టింది, చూసేవాళ్ల గురించి ఆలోచన తర్వాత వచ్చింది. నీడ తక్కువ. శ్రీపెరుంబుదూరు ఎండ మధ్యాహ్నానికి తారు మీంచి ముఖానికి కొడుతుంది, టోపీ, నీళ్ల సీసా లేకపోతే మలుపు దగ్గర పది నిమిషాలు నిలబడలేరు. ఒక రోజులో అరడజను తరగతుల రేసులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఏ కారు ఏ తరగతిదో తెలియక కొత్తవాళ్లు గందరగోళపడతారు. కార్ల నంబర్లు, డ్రైవర్ల పేర్లు ఉన్న కాగితం ఒకటి తమిళంలోనూ ఇంగ్లీషులోనూ గేటు దగ్గర చేతికిస్తే చాలా మేలు. చెవులకు దూది కూడా అవసరమే, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవాళ్లకు.

ఇంకో సలహా. గళ్ల జెండా పడగానే లేచి పోవద్దు. గెలిచిన కార్లు నేరుగా షెడ్డుకు పోవు. పార్క్ ఫెర్మే అనే కంచె కట్టిన జాగాలో నిలబెడతారు. మెకానిక్ కూడా చెయ్యి వేయడానికి వీల్లేదు. కారును, డ్రైవర్‌ను తూకం వేస్తారు. అనుమానమొస్తే ఇంజిన్ విప్పించి లోపలి కొలతలు తీస్తారు. కనీస బరువుకు ఒక కిలో తగ్గినా గెలుపు చేజారుతుంది. ఈలోగా నోటీసు బోర్డు మీద తాత్కాలిక ఫలితాలు అంటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లు అరగంటలోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడో స్థానం వాడు రెండో స్థానం వాడి మీద ఫిర్యాదు రాస్తున్నాడో లేదోనని అక్కడ గుంపు చేరుతుంది. ఇద్దరి మెకానిక్‌లూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటారు. బెంగళూరు హైవే మీద ఆదివారం సాయంత్రం రద్దీ ఎలాగూ తప్పదు కాబట్టి, ఫలితం ఖాయం చేసే స్టీవార్డులు సంతకం పెట్టేదాకా ఆ బోర్డు దగ్గరే ఉండి, ఎవరు గెలిచారో తేల్చుకున్నాకే బండి తీయండి.